ఒక్కపొద్దు పరుగు

పరుగు పందెమంటే నాకు ఒళ్లు మంట. కరీంనగర్‌లో ఓ ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తాను. ఏటా ఆటల పోటీల నాడు ఎండలో నిలబడి ఈల ఊదీ ఊదీ, పరుగెత్తడం వల్ల లోకంలో ఎవరికీ ఏమీ ఒరగదని ఎప్పుడో తేల్చుకున్నాను. అందుకే మా మరిది ఫోన్ చేసి, "వదినె, బిడ్డ పేరు మీద ఉరుకుడు పెడుతున్నం, నువ్వు తప్పకుంట రావాలె" అంటే, "ఉరికితే ఏమస్తదయ్యా?" అని కసిరాను.

అవతల సాంచాలు దడదడలాడుతున్నాయి. మరిది, అంటే మా చెల్లెలి మొగుడు, వేములవాడకు దగ్గర్లో ఓ నేత ఊళ్లో మరమగ్గాల షెడ్డులో పనిచేస్తాడు. ఆ మగ్గాలనే అక్కడ సాంచాలంటారు. అవి నడుస్తుంటే గొంతు చించుకుంటే తప్ప మాట వినపడదు. అతను బయటికి నడిచి వచ్చినట్టున్నాడు, చప్పుడు తగ్గింది. "ఏమన్న చెయ్యాలె గద, వదినె" అన్నాడు.

"సరే తియ్, వస్త" అన్నాను.

బిడ్డ అంటే చెల్లెలి కూతురు. పేరు ఇక్కడ రాయను. రాస్తే చెల్లె చదువుతుంది, చదివి ఆ అక్షరాల మీద వేలు పెట్టుకుని కూచుంటుంది. పుట్టిన ఏడాదికే తలసేమియా అన్నారు. ఒంట్లో రక్తం నిలవదు, మూడు వారాలకోసారి ఎవరిదైనా తెచ్చి ఎక్కించాలి. ఎక్కించిన కొత్తలో అందరి పిల్లల్లాగే గంతులేసేది. గడువు దగ్గరపడేసరికి మొహం తెల్లబోయి, రెండు మెట్లు ఎక్కాలన్నా ఎత్తుకొమ్మని చేతులు చాచేది. రక్తం ఎక్కుతున్నంతసేపూ చిన్న అద్దం పట్టుకుని తన చెవులు చూసుకునేది. చెవి తమ్మెలు ఎర్రబడితే రక్తం సరిపోయినట్టు. ఆ లెక్క డాక్టర్లు చెప్పింది కాదు, అదే కనిపెట్టింది. "పెద్దమ్మా, నా చెవులు సూడు, ఎర్రగైనయా?" అని అడిగేది. "మిరపపండ్ల లెక్క అయినయే" అంటే కిసుక్కున నవ్వేది.

దవాఖానలో రక్తం దొరకని రోజులుండేవి. "ఇయ్యాళ లేదు, రేపు రాండ్రి" అనేవాళ్లు. వాళ్లను అని ఏం లాభం? ఇచ్చేవాళ్లుంటే కదా వాళ్లు ఇచ్చేది. పోయిన వానాకాలం అట్లా రేపు మీద రేపు పడింది, దానికి జ్వరం తోడైంది. ఎనిమిదేళ్ల పిల్ల. దాని గురించి ఇంతకంటే రాయడం నా వల్ల కాదు.

మా వాళ్లలో చిన్నపిల్లలు పోతే దినాలుండవు, మాసికాలుండవు, పెత్రమాస అమావాస్యకు పోయినవాళ్ల పేరున బియ్యం ఇవ్వడం ఉండదు. పూడ్చిపెట్టి, స్నానం చేసి ఇంటికి రావడమే. పెద్దవాళ్లు పోతే ఏడాది పొడుగునా ఏదో ఒక పని తగులుతుంది, వంట చేయాలి, చుట్టాలను పిలవాలి, ఏడవడానికి ఒక రోజంటూ ఉంటుంది. పిల్ల పోతే చేతులు కట్టేసినట్టే. ఏడాది తిరిగేసరికి చెల్లె ఇంట్లో అందరూ అట్లాగే ఉన్నారు.

మరిది తమ్ముడు దుబాయిలో ఉంటాడు. అక్కడెవరో పోయిన పిల్లాడి పేరున అందరూ ఒకే రంగు టీషర్టులు తొడుక్కుని ఉరికిన వీడియో పంపాడు. మరిదికి అది పట్టుకుంది. ఊళ్లో బస్టాండు నుంచి అక్కడి దవాఖాన దాకా ఉరకాలి, ఉరికినవాళ్లంతా అక్కడ రక్తం ఇవ్వాలి, ఆ రక్తం ఇలాంటి పిల్లలకు పోవాలి. బిడ్డ పోయిన తారీఖు నాడే పెట్టాడు. రక్తం తీసుకునే డాక్టరమ్మను, ఆమె మనుషులను కరీంనగర్ నుంచి మాట్లాడుకున్నాడు. ఆ తారీఖు సోమవారం పడిందని అందరికీ తెలుసు. సోమవారం అయితే ఏమవుతుందో మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

నేను ఇన్సులిన్ మనిషిని. పొద్దున సూది పొడుచుకుని, రెండు చపాతీలు తింటే గాని గడప దాటను. ఆ సోమవారం కూడా తినే, మొదటి బస్సుకు బయల్దేరాను. చెల్లె ఇంటికి చేరేసరికి అది వాకిట్లో నిలబడి జడ అల్లుకుంటోంది. ఏడాదిలో ఎంత చిక్కిపోయిందో, జాకెట్టు చేతులు వేలాడుతున్నాయి. నన్ను చూడగానే, "అక్కా, ఆదిలాబాదామె అస్తంది" అంది.

ఆమె నాకూ తెలుసు. కరీంనగర్ దవాఖానలో మా బిడ్డ మంచం పక్క మంచం వాళ్లది. ఆమె కూతురికీ ఇదే జబ్బు. నిర్మల్ దాటి ఇంకా పైకి పోవాలి వాళ్ల ఊరికి. పిల్లల వల్ల తల్లులిద్దరూ ఒకరినొకరు అక్కా అని పిలుచుకునేంత దగ్గరయ్యారు.

"పిల్లకు గడువు దాటిందట. ఎక్కడడిగినా రక్తం లేదంటుండ్రట. సోమారం రా, నీ బిడ్డకు నేనిప్పిస్త అని మాటిచ్చిన. డాక్టరమ్మకు గూడ చెప్పినం, ఈడ వచ్చిన దాంట్లకెల్లి ముందుగాల ఆ పిల్లకే ఇస్తనన్నది" అంది చెల్లె.

"మాట ఎందుకిచ్చినవే? మన చేతుల ఉన్నదా అది?" అన్నాను. నా నోరే అంత.

"మరేమనాలె అక్కా? రేపు రా అనాల్నా?"

దాని చేతిలోంచి జడ అందుకుని నేనే అల్లాను.

బస్టాండు దగ్గర నేను అనుకున్నదానికంటే చాలామంది వచ్చారు. చెల్లె ఇంటి చుట్టుపక్కల వాడకట్టు మొత్తం వచ్చింది. సాంచాల మీద రాత్రి పాలి చేసి, నిద్ర లేక కళ్లెర్రగా ఉన్న మగవాళ్లు. మా అవ్వతో కూచుని బీడీలు చుట్టే ఆడవాళ్లు. తలస్నానం చేసి తడి జుట్టు ముడేసుకుని, పెద్ద బొట్లు పెట్టుకుని వచ్చారు. చాలామంది కాళ్లకు చెప్పుల్లేవు. పేదోళ్లు, బూట్లెక్కడివి అనుకున్నాను గాని, చెప్పులు కూడా ఎందుకు లేవని ఆలోచించలేదు. మరిది బిడ్డ ఫోటో అచ్చు వేయించి పంచిన టీషర్టు చీర మీదనే తొడుక్కున్నారు. అందరి గుండెల మీదా మా బిడ్డే. ఎటు చూసినా అదే నవ్వు, ముందు పన్ను ఊడిన నవ్వు. నేను ఒక్కచోట కళ్లు నిలపలేక నేల చూస్తూ నిలబడ్డాను.

అవ్వ అంటే మా అమ్మ. బిడ్డకు జబ్బని తెలిసినప్పటి నుంచి చెల్లె దగ్గరే ఉంటోంది. టీషర్టు తొడుక్కోనంది. "బిడ్డ మొఖం మీద నా చెమట పడుతది, నేనెయ్య" అని, దాన్ని మడిచి భుజాన వేసుకుని, జారకుండా ఒక చెయ్యి ఆనించి పట్టుకుంది. పిల్లను ఎత్తుకుని తిప్పిన భుజమే అది.

జెండా ఊపడానికి వచ్చిన పెద్దమనుషులు కొత్త బూట్లతో ముందు వరుసలో నిలబడి ఫోటోలు దిగారు. అక్కడ పెట్టిన ఇడ్లీ, ఉప్మా తిని, చేతులు కడుక్కుని కార్లెక్కారు. మిగతావాళ్లు ఆ ఇడ్లీల వైపు చూడను కూడా చూడలేదు. ఎంత మర్యాదస్తులో అనుకున్నాను. నా మొహం, నాకేం తెలుసు!

ఉరికారు. నిజంగా ఉరికారు. నేను రొప్పుకుంటూ అవ్వ పక్కన నడిచాను. ముందర ఎవరో "రాజన్నా" అని కేక పెట్టారు, అందరూ అందుకున్నారు. వేములవాడ శివుణ్ని రాజన్న అంటారు, ఆయన గుడి చుట్టూ మొక్కు కోడెను తిప్పేటప్పుడు వినపడే కేక అది. మరిది అందరికంటే ముందున్నాడు. దవాఖాన గేటు ముట్టి, వెనకబడ్డవాళ్ల కోసం మళ్లీ వెనక్కి ఉరికి వచ్చాడు.

దవాఖాన హాల్లో మంచాలు వేసి ఉన్నాయి. బెంచీ మీద ఆదిలాబాదామె కూచుని ఉంది, కూతురు ఆమె ఒళ్లో తలపెట్టి పడుకుంది. ఆరేళ్లుంటాయేమో. ఆ తెలుపు నాకు తెలిసిన తెలుపే. చెల్లె పోయి పిల్ల చెవి తమ్మెను రెండు వేళ్లతో పట్టుకుని చూసింది. "అయిపాయె బిడ్డా, ఇగ జరసేపే" అంది.

వరుసలో మొదటివాడు మరిదితో పనిచేసే మనిషి. డాక్టరమ్మ చిన్నమ్మాయే. "పొద్దున ఏం తిన్నరు?" అని అడిగింది.

"ఏం తినలే మేడం. ఒక్కపొద్దు."

"ఉపాసమా? ఖాళీ కడుపుతోని ఉరికిండ్రా? మీకొద్దు, కళ్లు తిరిగి పడుతరు. తరువాత ఎవరు?"

"ఒక్కపొద్దు మేడం."

ఆ తర్వాతామెదీ ఒక్కపొద్దే. డాక్టరమ్మ లేచి నిలబడి, వరుస చివరిదాకా చూసింది. "అసలు తిని అచ్చినోళ్లు ఎవరన్న ఉన్నరా?"

నేను చెయ్యి సగం ఎత్తాను. ఇన్సులిన్ సంగతి చెప్పగానే, "మీది పనికిరాదమ్మా" అంది. ఆ హాల్లో కడుపు నిండా తిన్నదాన్ని నేనొక్కదాన్నే.

సోమవారం రాజన్న రోజు. ఆ దిక్కున సగం ఇళ్లలో దీపం పెట్టేదాకా మెతుకు ముట్టరు. మిగతా సగానికి మా అవ్వ చెప్పిందట. వారం నుంచీ బీడీల చాటలు ముందేసుకుని కూచున్న ప్రతి గడప దగ్గరికీ పోయి, "నా మనుమరాలి పేరు మీద ఉరుకుతుండ్రు, తానం చేసి, చెప్పులు లేకుంట, ఒక్కపొద్దుతోని రాండ్రి" అని చెప్పిందట. పరుగంటే ఏమిటో ఆ వాడకట్టులో ఎవరికి తెలుసు? మొక్కంటే తెలుసు. తెలిసినట్టు చేశారు.

డాక్టరమ్మ మంచిది. కోపం చేయలేదు. "ఇప్పుడు తినండ్రి, నీళ్లు తాగండ్రి, ఒక రెండు గంటలు కూసోండ్రి. నేనుంట. తినకుంట మాత్రం ఎవ్వరిదీ తియ్య" అంది.

ఒక్కరూ కదలలేదు. మొక్కి పట్టిన ఒక్కపొద్దు నడుమ ఇడవడం మాటలా? అదీ పోయిన పిల్ల పేరు మీద పట్టింది. అందరి ఇళ్లలో పిల్లలున్నారు. మిగిలిన ఇడ్లీల గిన్నె బస్టాండు నుంచి తెప్పించి, చెల్లె ప్లేటు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ పోయింది. "నా బిడ్డ పేరు మీద తినుండ్రి" అంది. వాళ్లు చేతులు జోడించారు. "ఏమనుకోకు బిడ్డా, ఇంట్ల చిన్నపోరగాండ్లున్నరు, భయమైతది" అందొకామె. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. ఆమెను ఏమనగలం?

నేను అనకూడదని తెలిసీ అన్నాను. బడిలో అరిచినట్టే అరిచాను. "దేవుడు వచ్చి తినద్దని చెప్పిండా మీకు? పసిపిల్ల గట్ల పడి ఉంటే గీ మూఢ నమ్మకాలేంది?" అన్నాను. ఇద్దరు మగవాళ్లు తల దించుకుని వరండాలోకి వెళ్లిపోయారు. మరిది నా వైపు చూసి, "వదినె, జర ఆగు" అన్నాడు. అంతే, చేసిన మేలేమీ లేదు, ఉన్నవాళ్లలో ఇద్దరిని పోగొట్టాను.

బెంచీ మీద పిల్ల తల్లి వైపు తిరిగి, "ఆయీ, ఇంటికి పోదాం" అంటోంది. తల్లి వీపు రాస్తోంది.

చెల్లె ప్లేటుతోనే వచ్చి అవ్వ ముందు నిలబడింది. "ఎందుకు జెప్పినవే అవ్వా?" అంది. అరవలేదు, అరిచినా బాగుండేది.

అవ్వ భుజం మీది టీషర్టు సర్దుకుంది. "దానికి దినాలు చెయ్యకపోతిరి. పెత్రమాసకు ఒక్క మెతుకు పెట్టకపోతిరి. చిన్నపిల్లలకు లేదంటిరి. గీ ఒక్కపొద్దన్న దానికి ముట్టుతదనుకున్న బిడ్డా. నాకేం ఎరుక?" అంది.

చెల్లె ప్లేటు పట్టుకుని అట్లాగే నిలబడింది. అవ్వ ఆ బెంచీ వైపు చూసింది. చాలాసేపు చూసింది. నాకు తెలివి వచ్చినప్పటి నుంచి అవ్వ సోమవారం పగలు తినగా నేను చూడలేదు. జ్వరం వచ్చినా, మా బాపు పోయిన వారమైనా తినలేదు. అట్లాంటిది చెల్లె చేతిలో ప్లేటు అందుకుని, ఇడ్లీ తుంపి నోట్లో పెట్టుకుంది. మింగుడు పడలేదు. నీళ్లు తాగి మింగింది. "రాజన్నా, గీళ్లకు ఒక్కపొద్దు చెప్పింది నేను. ఇడిపిస్తున్నది నేను. పాపముంటె నా నెత్తికే చుట్టు, గీళ్ల పిల్లల జోలికి పోకు" అని గట్టిగా, అందరికీ వినపడేటట్టు అంది.

తర్వాత మరిది దగ్గరికి నడిచింది. అల్లుడి ముందు మంచం మీద కూచోను కూడా కూచోని మనిషి, అల్లుడి నోట్లో ఇడ్లీ ముక్క పెట్టింది. అతను నిలబడి, చేతులు వేలాడేసి, చిన్నపిల్లాడిలా నమిలాడు. కన్నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

ఆ తర్వాత కొందరు తిన్నారు. ప్లేటు అవ్వ చేతిలోనే ఉంది, అవ్వ పెడితేనే తిన్నారు. కొందరు తినకుండానే, ఎవరికీ కనపడకుండా, గోడ పక్క నుంచి ఇంటికి వెళ్లిపోయారు. వాళ్ల మీద నాకు కోపం రాలేదు. అప్పటికి నాలో అంత సత్తువ లేదు.

చెల్లె కూడా తింది. డాక్టరమ్మ చెప్పిన రెండు గంటలూ కాగానే అందరికంటే ముందు పోయి చెయ్యి చాపింది. డాక్టరమ్మ మనిషి వేలు గుచ్చి, రక్తపు చుక్కను నీలం నీళ్ల గ్లాసులో వేసింది. అది మునగాలి. మునిగితే రక్తంలో బలమున్నట్టు. చెల్లె చుక్క పైనే తేలింది.

"ఇంకో ఏలు గుచ్చుండ్రి" అంది చెల్లె. గుచ్చారు. తేలింది. "ఈ చెయ్యి సూడుండ్రి" అని రెండో చెయ్యి చాపింది. డాక్టరమ్మ లేచి వచ్చి ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, "అక్కా, నీకే ఎక్కియ్యాలె రక్తం" అంది. నేను చెల్లె పక్కనే నిలబడి ఉన్నాను. ఏం చేయాలో తోచక దాని చీర కొంగు సర్దాను.

మధ్యాహ్నానికి కొన్ని సంచులు నిండాయి. మరిదిది, అతని పక్క సాంచాల మనిషిది, ఇంకొందరివి. ఐసుపెట్టెలో సర్దుతుంటే ఆదిలాబాదామె దానికి దండం పెట్టింది. చెల్లె మొహంలో ఏడాది తర్వాత మొదటిసారి నెత్తురు కనిపించింది. "ఇగ ఎక్కియ్యుండ్రి మేడం" అంది.

"ఇక్కడ ఎక్కియ్యం అక్కా. కరీంనగర్ తీసుకపోయి పరీక్షలు చెయ్యాలె కదా. రేపు పొద్దున రమ్మనండ్రి" అంది డాక్టరమ్మ.

ఆమె తప్పేం లేదు. పరీక్ష చేయకుండా పసిపిల్లకు ఎవరు ఎక్కిస్తారు? కానీ ఆ 'రేపు' వినగానే చెల్లె గోడకు చేరగిలబడింది. ఆదిలాబాదామే దాన్ని ఓదార్చింది. "రేపే కద అక్కా, ఒస్తది, పరేషాన్ గాకు" అంటోంది. తన పిల్లను భుజాన వేసుకుని, మా చెల్లెను ఓదారుస్తోంది.

అందరం కరీంనగర్‌లో నా ఇంటికే వచ్చాం, చెల్లె, అవ్వ, ఆ తల్లీకూతుళ్లు. చెల్లె టీషర్టు కూడా మార్చుకోలేదు. మంగళవారం దవాఖానకు పోతే రిపోర్టులు రాలేదన్నారు. రేపన్నారు. ఆ రోజంతా పిల్ల నా మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. చెల్లె మంచం పట్టె మీద కూచుని, దాని ఊపిరి చూస్తూ ఉంది. నేను అన్నం వండాను, ఎవరూ సరిగ్గా తినలేదు. అంతకంటే నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

బుధవారం పొద్దున్నే ఇద్దరు తల్లులూ పిల్లను తీసుకుని వెళ్లారు. నేను బడికి సెలవు పెట్టి, అవ్వతో ఇంట్లో ఉన్నాను. ఎండ వాకిట్లోకి వచ్చాక ఫోన్ మోగింది. అవ్వకు వినపడాలని స్పీకరు పెట్టాను.

"అక్కా..." అంది చెల్లె. "అక్కా, చెవులు ఎర్రగైనయే."

ఆ తర్వాత ఏడుపు. బిడ్డ పోయిన నాడు కూడా అది అట్లా ఏడవలేదు. నేను "ఊఁ, ఊఁ" అంటూ ఫోన్ పట్టుకుని కూచున్నాను. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఏడుపు తగ్గాక, "మరి మూడు వారాలైనంక, అక్కా? మల్ల ఎట్ల? మల్ల ఉరుకుదుమా?" అంది.

లెక్కలు చెప్పేదాన్ని. మూడు వారాలకోసారి అంటే ఏడాదికి ఎన్నిసార్లో నాకు నోటికి తెలుసు. ఒక్క పరుగుకే మా ఇల్లంతా కుదేలైంది. ఏం చెప్పను? ఫోన్‌లో దాని ఊపిరి వినపడుతోంది, జవాబు కోసం ఆగింది.

అవ్వ వేళ్ల కణుపులు లెక్కపెడుతోంది. పెదవులు కదులుతున్నాయి. ఒకసారి లెక్కపెట్టి, నమ్మకం లేక మళ్లీ మొదటి నుంచి పెట్టింది. తర్వాత నా మోచెయ్యి పట్టుకుని లాగింది.

"మల్ల బుధారమే పడుతది బిడ్డా. సోమారమైతే రాజన్న ఉండె, మంగళారమైతే కొండగట్టు అంజన్న ఉండె. బుధారం ఒక్కపొద్దుకు ఎవ్వలు లేరు. చెప్పు దానికి. అందరం తినే ఉంటమని చెప్పు."